నైరుతి మూల రెండు మూరలు

పరదేశి మేస్త్రి కట్టిన గోడని ఇంతవరకూ ఎవడూ పడగొట్టలేదు. ఈ మాట చోడవరంలో ఆయన చెప్పుకోని చోటు లేదు. సంతలో చెప్పుకుంటాడు, పెళ్ళి పందిట్లో చెప్పుకుంటాడు, చావింటికి పరామర్శకి వెళ్ళి అక్కడా చెప్పుకుంటాడు. ముప్పయ్యేళ్ళలో రోలుగుంట నుంచి బుచ్చయ్యపేట దాకా ఎన్ని ఇళ్ళు కట్టాడో, ఎన్ని బెల్లం కొట్లు లేపాడో ఆయనకే తెలియదు. తుపానుకి కప్పులు ఎగిరిపోయిన రోజులున్నాయి గానీ పరదేశి గోడ బీట తీసిన రోజు లేదు. అందుకని ఆ మంగళవారం పొద్దున్న దర్జీ లాల్ సాహెబు వచ్చి, "మసీదు పడమటి గోడ తీసెయ్యాలి మేస్త్రీ" అంటే ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది.

"ఏటీ?" అన్నాడు.

"పడమటి గోడ. దిక్కు తప్పింది" అన్నాడు లాల్ సాహెబు, తప్పు తనదే అయినట్టు గొంతు తగ్గించి.

సాయిబుల వీధిలో ముప్పై గడప ఉంటుంది. వాళ్ళ పాత మసీదుకి మట్టి గోడలు, తాటాకు కప్పు. కిందటేడు గాలివానకి అది కూలింది. ఇటుకా సున్నంతో కొత్తది కట్టమని పరదేశిని పిలిచింది వీధికి పెద్దయిన లాల్ సాహెబే. నాలుగు గోడలూ లేచాయి, కప్పు ఇంకా పడలేదు. ఆదివారం నుంచి రంజాను నెల. కప్పు లేకపోయినా తాటాకు పందిరి వేసుకుని కొత్త గోడల మధ్యనే నమాజు చదువుకోవాలని ఆ వీధి వీధంతా ఎదురు చూస్తోంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అది రెండో వేసవి. ఎండ అప్పటికే నడినెత్తిన కూర్చుంటోంది.

"దిక్కు తప్పిందా? నా గోడకా?" పరదేశి చేతిలో తాపీ సున్నపు తొట్టిలోకి విసిరాడు. "సాయిబు గారూ, మాగమాసంలో మీరు పక్కనే ఉన్నారు కదా! పుల్ల పాతి సుట్టూ గుండ్రంగా గీసేనా? పొద్దున్న నీడ గీత మీదకొచ్చినప్పుడు ఓ మేకూ, సాయంత్రం నీడ గీత మీదకొచ్చినప్పుడు ఓ మేకూ కొట్టి తాడు లాగేనా? అది తూరుపూ పడమరా కాదంటే తప్పు సూర్యుడిది, నాది కాదు. మక్కా పడమర అని సెప్పిందెవరు?"

"నేనే."

"మరింకేటి!"

లాల్ సాహెబు వెనక ఆయన బావమరిది సులేమాన్ నిలబడి ఉన్నాడు. విశాఖపట్నం నుంచి పోయే ఓడల మీద సరంగు, కళాసీలకి పెద్ద. ఉపవాసాల నెల ఇంట్లో గడుపుదామని ముందురోజే దిగాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఉండక, జేబులోంచి దిక్సూచి తీసి గోడ ముందు పెట్టాడు, రెండో జేబులోంచి ఒక చీటీ తీసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపు వీధిలో అందరూ చూశారు. ఇంకేముంది, పొయ్యి మీద పెట్టిన పాలు పొంగినట్టు పొంగింది గొడవ.

"మక్కా ఇక్కణ్ణించి సరిగ్గా పడమర కాదు మేస్త్రీ" అన్నాడు సరంగు. "వాయవ్యం వైపు కొంచెం ఒరుగుతాది. భూమి బంతి లాగుంటాది గాని బల్ల లాగుండదు కదా. బొంబాయిలో లెక్క తెలిసిన మౌల్వీ రాసిచ్చిన చీటీ ఇది. పది మూరల గోడకి రెండు మూరలు తిప్పాల."

పరదేశి మనసులోనే గోడని తిప్పి చూసుకున్నాడు. ఉత్తరపు కొస కదలకుండా తిప్పితే దక్షిణపు కొస రెండు మూరలు పడమటికి తోసుకుపోతుంది. అంటే నైరుతి మూల పెరుగుతుంది. ఏ మూల పెరిగినా సర్దుకోవచ్చు గాని నైరుతి పెరగకూడదు. ఈ ఒక్క మాటా ఆయనకి తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు.

"నైరుతి పెరిగితే ఉన్నోడికి సేటు, కట్టినోడికి సావు. ఎరికేనా?" అన్నాడు.

"అది మీ లెక్క మేస్త్రీ. మాకా పట్టింపు లేదు" అన్నాడు లాల్ సాహెబు. "చొక్కా తేడా వస్తే నేను కుట్లు విప్పుతాను. నామోషీ పడను."

"సొక్కాకి కుట్లుంటాయి బాబూ. నా గోడకేటుంటాయి? సున్నంలో కరక్కాయ నీళ్ళు పోసేను, సోడారం బెల్లం నీళ్ళు పోసేను. అది ఆరితే రాయి. దాన్ని తియ్యడవంటే నా మొహం మీద గునపం ఎయ్యడవే. రేపు రోడ్డున పోయే ప్రతోడూ 'పరదేశి గోడ వంకరంట, పడగొట్టించేరంట' అంటాడు. మీకేం, మీరు నమాజు సదువుకుని ఇంటికెళ్ళిపోతారు. ఊళ్ళో తిరగాల్సింది నాను."

లాల్ సాహెబు ఇటు గోడనీ అటు మేస్త్రినీ చూశాడు. గోడ తిరక్కపోతే నమాజు దిక్కు పోతుంది, తిరిగితే మేస్త్రి పరువు పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే.

అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నానికల్లా హైస్కూలు మాస్టారు అనంతపద్మనాభం గారు అట్లాసు చంకన పెట్టుకుని వచ్చారు. మసీదు అరుగు మీద దాన్ని పరిచి, స్కేలు పెట్టి, రెండు మూరలు ఎందుకు, ఒక్కటి చాలన్నారు. బల్ల మీద పరిచిన పటంలో అంతే వస్తుంది, బంతి మీద వేరని సరంగు వాదించాడు. పరదేశి దగ్గర పనిచేసే బంగార్రాజు, పాతిపెట్టిన పెద్దల మొహాలు ఏ దిక్కుకి ఉన్నాయో తేల్చుకొస్తానని గోరీల దొడ్డికి పరిగెత్తి, పాత గోరీలు ఒకటి ఇటు ఒకటి అటు వాలి ఉన్నాయని కబురు తెచ్చాడు. దాంతో పరదేశికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముగ్గురు మూడు మక్కాలు సూపిస్తన్నారు! ముందు మీ ఊరెక్కడుందో మీరు తేల్సుకోండి. తరవాత నా గోడ జోలికి రండి" అని తుండుగుడ్డ దులుపుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పని సాగలేదు. మేస్త్రి మంచం దిగలేదు. పోనీ కూలీల చేతనైనా గోడ తీయిద్దామని లాల్ సాహెబు వెళ్తే, తట్ట మోసే పైడితల్లి చేతులు జోడించింది. "నాను ముట్టుకోను బాబూ. ఆ గోడలో దేవుడి గూడుంది. గోడకి గిలాబా పూసిన రోజున నానే పసుపు రాసేను, కొబ్బరికాయ కొట్టేను. ఇప్పుడు గునపం ఎయ్యమంటే ఎయ్యగలనేటి?"

లాల్ సాహెబు తల పట్టుకున్నాడు. ఇమాము నిలబడే చోటికి గుర్తుగా కట్టించిన గూడు అది. అందులో దేవుడు ఉండడని, దీపం పెట్టకూడదని, పసుపు రాయకూడదని అప్పుడే చెప్పి, తనే తడిగుడ్డతో తుడిచాడు. ఆవిడ వింటేనా? ఏ దేవుడి గూడైనా గూడేనంది. బంగార్రాజు ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. గూడు సంగతి పక్కనపెట్టి, నైరుతి మూల తవ్వితే తనకింకా పెళ్ళి కాలేదని ఏడుపు మొహం పెట్టాడు. సాయిబుల వీధి కుర్రాళ్ళు కూడా గునపం పట్టుకోలేదు. ఖుదా ఇంటి గోడ, పెద్దలు ముందు వేస్తే తామూ వేస్తామన్నారు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పరదేశి ఇంట్లోనూ ఉండలేకపోయాడు. పెట్టిన గంజి తాగలేదు. పెళ్ళాం అచ్చియ్యమ్మ "గోడే కదా, తిప్పేస్తే పోదా" అన్నందుకు ఆమె మీద ఎగిరాడు. ఎండ వాలాక ఆయన కాళ్ళు ఆయన్ని మసీదు దగ్గరికే తీసుకుపోయాయి. లాల్ సాహెబు ఇటుకల గుట్ట మీద ఒక్కడూ కూర్చుని ఉన్నాడు. పరదేశి రెండిటుకలు పక్కకి జరిపి ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఒక్క మాట సెప్పండి సాయిబు గారూ. సముద్రాలవతల ఉన్న ఊరు. దానికోసం సోడారంలో నా ఇటిక వంగాల. ఆ ఊళ్ళో అంత ఏటుంది?"

"ఒక ఇల్లుంది మేస్త్రీ. నాలుగు గోడల ఇల్లు, కాబా అంటాం. కట్టింది ఇబ్రహీం పైగంబరు, మా పాత ప్రవక్తల్లో ఒకరు. రాళ్ళు అందించింది ఆయన కొడుకు ఇస్మాయిలు."

"తండ్రి కడతంటే కొడుకు రాళ్ళందించేడా?" పరదేశి ముందుకి వంగాడు.

"ఔను. గోడ ఎత్తు పెరిగి చెయ్యి అందకపోతే ఒక రాయెక్కి నిలబడి కట్టేడు. ఆ రాతి మీద ఆయన పాదాల గుర్తులున్నాయి. మా మేనమామ హజ్జుకెళ్ళినప్పుడు చూసొచ్చేడు."

"అయితే ఆ మారాజు మా పనోడే అన్నమాట."

లాల్ సాహెబు నవ్వాడు. రెండు రోజుల తరవాత అదే మొదటి నవ్వు. "ఆ చోట నీరు లేదు, పంట లేదు. రాతి కొండలే. ఇస్మాయిలు పసిబిడ్డప్పుడు దాహానికి ఏడిస్తే తల్లి నీళ్ళకోసం రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరిగెత్తింది. అప్పుడు బిడ్డ దగ్గరే ఊట పుట్టింది. జంజం అంటాం, ఇప్పటికీ ఉంది. ఆ నీళ్ళకి మనుషులు చేరేరు, ఆ ఇల్లు కట్టేక ఊరయ్యింది. మా ప్రవక్త పుట్టింది ఆ ఊళ్ళోనే. లోకంలో ఏ మూలనున్న ముసల్మానైనా నమాజుకి నిలబడితే ఆ ఇంటి వైపే నిలబడతాడు. పోయేక గోరీలో కూడా మొహం అటే తిప్పుతారు. మా నాన్నని అలాగే పడుకోబెట్టేను, రేపు నన్నూ అంతే."

పరదేశి గెడ్డం గోక్కున్నాడు. మనసులో ఉన్నది అడిగేశాడు. "ఆ పెద్దాయన గోడ ఇప్పటికీ అదేనా? ఎవుడూ పడగొట్టనేదు కదా?"

లాల్ సాహెబు అబద్ధం ఆడి ఉంటే పోయేది. "పడగొట్టేరు మేస్త్రీ. వరదకి బీటలు తీస్తే ఆ ఊరివాళ్ళే తీసి మళ్ళీ కట్టేరు. అప్పటికి మా ప్రవక్తకి ముప్పై అయిదేళ్ళు, ఆయనా రాళ్ళు మోసేడు. అయితే మొదట ఎవడికీ చెయ్యి రాలేదు. దేవుడి ఇంటి మీద గునపం వేస్తే ఏమవుతాదో అని భయం. ఆఖరికి వలీదు అనే పెద్దమనిషి, మేం మంచికే చేస్తన్నామని దేవుడికి చెప్పుకుని మొదటి దెబ్బ వేసేడు. మిగిలినవాళ్ళు ఆ రోజుకి ముట్టుకోలేదు. పొద్దుటికి వీడు బతికుంటే చూద్దాం అన్నారు."

"బతికేడా?"

"తెల్లారగానే పనిలోకొచ్చేడు. అప్పుడు అందరూ కలిసేరు."

పరదేశికి ఈ కథ మొదట్లో నచ్చినంత చివర్లో నచ్చలేదు. గబుక్కున లేచాడు. "కతలు సెప్పి నా సేత నా గోడ కొట్టిద్దారని సూస్తన్నారు. అంత ఎర్రోణ్ణి కాను" అని విసవిసా వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున్న లాల్ సాహెబే ఆయన ఇంటికి వచ్చాడు. చేతిలో బట్టల మీద గీసే సుద్దబిళ్ళ. "గోడ ఉండనీ మేస్త్రీ. మీరు బెంగపడకండి" అన్నాడు. తన అక్క ఒక మాట గుర్తు చేసిందట. మొదట్లో వాళ్ళవాళ్ళు నమాజు చదివింది మక్కా వైపు కాదు, జెరూసలేం వైపు. మదీనా ఊరికి వెళ్ళాక కూడా ఏడాదిన్నర దాకా అంతే. తరవాత మక్కా వైపు తిరగమని దేవుడి ఆజ్ఞ వచ్చింది. ఆ కబురు విన్నవాళ్ళు నమాజు మధ్యలోనే, నిలబడ్డచోటే వెనక్కి తిరిగారు.

"గోడలు పడగొట్టలేదు, మనుషులే తిరిగేరు. మేమూ తిరుగుతాం. నేల మీద ఏటవాలుగా గీతలు గీస్తాను, వాటి మీద నిలబడతాం" అన్నాడు.

పరదేశికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అచ్చియ్యమ్మ చేత లాల్ సాహెబుకి బెల్లం పానకం ఇప్పించాడు. సాయంత్రానికి బజారంతా తిరిగొచ్చాడు. చూశారా, పరదేశి గోడ జోలికి మక్కా కూడా రాలేదు, అన్నాడు. అనకూడని మాట, అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త మసీదులో మొదటి నమాజు. తన గోడల మధ్య జనం నిండితే చూడాలని పరదేశి ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళి వాకిట్లో వేపచెట్టు కింద నిలబడ్డాడు. గుమ్మంలోంచి లోపల అంతా కనిపిస్తోంది.

నేల మీద లాల్ సాహెబు సుద్ద గీతలు ఏటవాలుగా పోతున్నాయి. జనం వచ్చి వాటి మీద వరసగా నిలబడ్డారు. ఇమాము గూట్లో నిలబడలేకపోయాడు. గూడు ఒక వైపు చూస్తోంది, ఆయన ఒక వైపు చూస్తున్నాడు. ముందు వరస దక్షిణపు కొస గోడకి ఆనుకుంది, ఉత్తరపు కొసకి వచ్చేసరికి గోడకీ మనిషికీ మధ్య అక్కరకిరాని ముక్క మిగిలింది. వెనక మూలన కూడా అలాంటి ముక్కే. కోణంలో ఇరుక్కున్న ఒక ముసలాయన వంగబోతే నుదురు గోడకి కొట్టుకుంది. నాలుగు వరసలు పట్టాల్సిన చోట మూడే పట్టాయి. మిగిలినవాళ్ళు బయటే ఉండిపోయారు.

బయట పందిరి లేదు, అరుగు దిగితే మొరం. ఆ ఎండలో అది పెనంలా కాలుతోంది. తొమ్మిది మంది ఆ మొరం మీద తుండుగుడ్డలు పరుచుకున్నారు. అందరినీ లోపలికి పంపి, ఆఖర్న నిలబడ్డవాడు లాల్ సాహెబు. అరవై రెండేళ్ళ మనిషి. ఆయన తుండుగుడ్డ మోకాళ్ళకే సరిపోయింది. నుదురు వట్టి మొరం మీద ఆనించాడు. లేచినప్పుడు నుదుటి మీద చిన్న రాళ్ళు అంటుకుని ఉన్నాయి. వాటిని తుడుచుకోకుండానే మళ్ళీ వంగాడు.

పరదేశికి చూడబుద్ధి కాలేదు. కాని కళ్ళు తిప్పుకోలేకపోయాడు. తన గోడ తిన్నగానే ఉంది. మూలమట్టం పెట్టినా, తూకం గుండు వేలాడదీసినా వెంట్రుకవాసి తేడా రాదు. ఆ గోడకోసం అంతమంది మనుషులు వంకరగా నిలబడ్డారు. సిగ్గేసింది. మంగళవారం వేసిన సిగ్గు వేరు, ఇది వేరు. ఇల్లు మనిషికోసం గాని మనిషి ఇంటికోసమా అని తనే కదా పనికొచ్చే ప్రతి కుర్రాడికీ చెబుతాడు. ఎవరి మీద కోపమో తెలియలేదు. సరంగు మీదా, మాస్టారి మీదా, పానకం ఇచ్చి పంపిన తన మీదా వచ్చింది.

నమాజు అయి జనం బయటికి వచ్చేసరికి మేస్త్రి గోడ వెనక్కి వెళ్ళి గునపం తీశాడు. పంచె ఎగ్గట్టాడు.

"మేస్త్రీ! గోడ ఉండనీ అన్నాం కదా!" లాల్ సాహెబు పరిగెత్తుకొచ్చాడు.

"మీరన్నారు. నానొల్లను."

"నైరుతి పెరుగుతాది మేస్త్రీ" అని బంగార్రాజు దూరం నుంచే అరిచాడు.

"పెరగనీరా! కట్టినోడికి కదా సేటు, నీకేటి?" అని పరదేశి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "నూకాలమ్మ తల్లీ, మంచికే సేస్తన్నాను. సాయిబుల దేవుడికి కూడా నువ్వే సెప్పు" అన్నాడు. నైరుతి మూల మీద గునపం వేశాడు.

గోడ కదలలేదు. ఠంగుమని మోగి చెయ్యి జివ్వుమంది. మళ్ళీ వేశాడు. సున్నం పెళ్ళ లేచింది గాని ఇటుక రాలేదు. తను కట్టిన గోడ ఎంత గట్టిదో ముప్పయ్యేళ్ళు ఊరందరికీ చెప్పాడు గాని ఆయనకి తెలిసింది ఆ పూటే. ఏడుపొచ్చింది, దాన్ని చెమటతో పాటు తుడుచుకున్నాడు. ఇరవయ్యో దెబ్బకో ముప్పయ్యో దెబ్బకో మూల ఇటుక ఊడి కాళ్ళ దగ్గర పడింది. చుట్టూ జనం నిలబడి ఉన్నారు. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. పొద్దు వాలేదాకా ఒక్కడే కొట్టి, మూడు వరసల మూలని కూల్చి, ఇంటికి వెళ్ళాడు.

అచ్చియ్యమ్మ ఆయన అరచేతుల బొబ్బలకి ఆముదం రాస్తూ ఉండబట్టలేక అనేసింది. "నీ గోడ ఎవుడూ పడగొట్టనేదని సెప్పి సెప్పి నా సెవులు సిల్లులు పడేట్టు సేసేవు. ఇప్పుడేటి సెప్తావు?"

"ఎవుడూ పడగొట్టనేదు" అన్నాడు పరదేశి. "నానే పడగొట్టేను."

శనివారం తెల్లారి ఆయన లేచేసరికి ఒళ్ళంతా పుండులా ఉంది. వాకిట్లో గుసగుసలు వినిపించి తలుపు తీశాడు. పైడితల్లి ఉంది, బంగార్రాజు ఉన్నాడు, సాయిబుల వీధి కుర్రాళ్ళు పది మంది ఉన్నారు. వెనగ్గా లాల్ సాహెబు, భుజాన గునపం. అందరూ ఆయన కాళ్ళ నుంచి తల దాకా ఎగాదిగా చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో పరదేశికి అర్థమైంది. లాల్ సాహెబు ఆ కథ ఇంకెంతమందికి చెప్పాడో గాని, ఊరు ఊరంతా పొద్దుటికోసం కాసుకుని కూర్చుంది.

"ఏటలా సూస్తారు? బతికే ఉన్నాను" అన్నాడు. "తట్టలట్టుకోండి. వచ్చే శుక్కురారానికి సాయిబు గారు లోపల నిలబడాల."

పైడితల్లి తట్ట నెత్తికెత్తుకుంది. మసీదు చేరాక లాల్ సాహెబు జేబులోంచి టేపు తీసి ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస మేస్త్రికి ఇచ్చాడు. నైరుతి మూల నుంచి పడమటికి రెండు మూరలు కొలిచి, అక్కడ మేకు పరదేశే కొట్టాడు.